మూడో డ్రమ్ము పురికొస

కిందటి వారం పెద్దకోడల్ని కాచే గది గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో గరిటె కూడా కింద పెట్టలేదు.

జరిగింది ఇదీ. పొద్దున పదింటికి గోదాములో ఒక సీసా పేలింది. ఎండకి ఒకటి పోతే పోయిందిలే అనుకుంటూ మూతల తాత చూడ్డానికి వెళ్ళాడు. ఆ ద్రాక్షరసం కార్ఖానాలో ముప్పై ఏళ్ళుగా సీసాలకి మూతలు బిగిస్తున్న మనిషి. తను బిగించిన సీసా తనకి ద్రోహం చేయదని ఆయన నమ్మకం. రెండో సీసాని ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. అది ఆయన చేతిలోనే పేలింది. గాజుపెంకు మెడలో దిగబడింది. నలుగురు పనివాళ్ళు ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి మోసుకుపోయారు. మిగిలినవాళ్ళు హడలిపోయి గేటు బయటికి పరుగెత్తారు. అందరూ వెళ్ళాక పెద్దకోడలి భర్త లోపలి నుంచి గేటుకి తాళం వేశాడు. ఇక లోపల ఉన్నది ముగ్గురే. ఆయన, ఆయన తమ్ముడు చిన్నోడు, ఆమె.

ఇప్పుడు పన్నెండు దాటింది. గోదాము రేకుల కప్పు ఎండకి చిటపటమంటోంది. మూడో డ్రమ్ము రసం పట్టిన సీసాలు రెండు వందల ఎనభై, పది రోజులుగా ఆ కప్పు కిందే ఉన్నాయి. ఒకటి పేలితే దాని పెంకులు పక్కదాన్ని కొడుతున్నాయి. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ ఏదో మూల నుంచి ఢామ్మని ఇంకోటి. గోదాము తలుపు సందులోంచి ఎర్రటి నురగ పాక్కుంటూ వచ్చి సీసాలు నింపే గదిలో కాలవలోకి జారుతోంది. నేల మీద తాత నెత్తురెంతో రసమెంతో చెప్పడం ఎవరి వల్లా కాదు.

భర్త చొక్కా చేతులు పైకి మడిచాడు. గోడకి వేలాడే ఇనప కొక్కెం అందుకున్నాడు. క్రేట్లు లాక్కొచ్చే కొక్కెం అది, మూరెడు పొడుగు, వాడి వాడి కొన సూదిలా అరిగిపోయింది.

"ఏమే," అన్నాడు, కళ్ళు తమ్ముడి మీదే పెట్టి. "అడుగు వాణ్ణి. మూడో డ్రమ్ములో మందు వెయ్యకుండా తాడెందుకు కట్టాడో అడుగు."

చిన్నోడు డ్రమ్ముల అవతల నిలబడ్డాడు. మొహం పాలిపోయింది గాని గొంతు తగ్గలేదు.

"వదినా, మందుపెట్టె తాళంచెవి ఎవరి మెళ్ళో ఉందో నువ్వడుగు. నాకు కనబడుతోందిలే గాని, నువ్వే అడుగు."

ఇద్దరి మధ్యా నాలుగు బారల దూరం లేదు. అయినా ఒకరి మాట ఒకరికి ఆమె అందించాలి. నాలుగు నెలలుగా ఆమెకి ఇదే ఉద్యోగం. చక్కెర అయిపోయిందని చెప్పు వాడికి. అయిపోతుందని మొన్ననే చెప్పానని చెప్పు ఆయనకి. అన్నం దగ్గర కూడా అంతే. మంచినీళ్ళ చెంబు ఆయన ముందుంటే, ఇటివ్వమని వీడు వదినకి చెబుతాడు.

ఈ కథలోకి ఇవాళే వచ్చినవాళ్ళ కోసం ఆ మందు సంగతి చెప్పాలి. ద్రాక్షరసం ఒక్కచోట ఊరికే కూర్చునే సరుకు కాదు. పిండిన గంట నుంచీ లోపల ఏదో కదులుతూనే ఉంటుంది. రెండు రోజులు వదిలేస్తే నురగ కడుతుంది. వారం వదిలేస్తే ఘాటెక్కుతుంది. మూత బిగించి వదిలేస్తే లోపల గాలి పుట్టి గాజుని చీల్చుకుని బయటికొస్తుంది. అలా కాకుండా కాచి చల్లార్చిన రసంలో నిమ్మ ఉప్పుతో పాటు ఒక తెల్లటి పొడి కలుపుతారు. డబ్బా మీద సోడియం బెంజోయేట్ అని ఉంటుంది. కార్ఖానాలో అందరికీ అది మందే. "మందేస్తే రసం, వెయ్యకపోతే మందు" అని మూతల తాత కొత్తగా చేరినవాళ్ళకి చెప్పి, వాళ్ళకంటే ముందు తనే నవ్వేవాడు.

డ్రమ్ముకి నూట ఇరవై గ్రాములు. తగ్గితే పని చేయదు, పెరిగితే నాలుక మీద వగరుగా నిలబడిపోతుంది. ఒకసారి, మామగారి రోజుల్లో, ఒకే డ్రమ్ములో ఇద్దరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు మందు వేశారు. డ్రమ్ము మొత్తం కాలవలో పారబోశాక ఆయన ఒక పద్ధతి పెట్టాడు. మందు వేసినవాడు వేసిన వెంటనే డ్రమ్ము కొళాయి మెడకి ఒక ముక్క పురికొస కట్టాలి. తాడుంటే మందు పడినట్టు, లేకపోతే పడనట్టు. ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు.

ఆ ముసలాయన పోయి రెండేళ్ళయింది. పద్ధతి ఉండిపోయింది. అన్నదమ్ములకి మాటలు పోయాక ఆ తాడే వాళ్ళ మధ్య మాటయింది.

మాటలు పోయింది కూడా ఆ మందు గురించే. మూత బిగించాక సీసాల్ని ఉడుకునీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచితే లోపల పులిసేది ఏదీ బతకదు, ఇంక మందెందుకు, జనం మందు లేని రసం అడుగుతున్నారు అని చిన్నోడు పట్టుబట్టాడు. నాన్న పెట్టిన పద్ధతి మార్చడానికి నువ్వెవడివని అన్న పనివాళ్ళందరి ముందూ చెంప పగలగొట్టాడు. మూతల తాత అడ్డం రాకపోతే ఆ రోజే ఏదో ఒకటి జరిగేది. పెద్దకోడలు మాత్రం పక్షం తీసుకోలేదు. రసానికి పుల్లబడే గుణం పెట్టినవాడూ దేవుడే, దాన్ని ఆపే పొడిని మనిషి బుర్రలో పుట్టించినవాడూ ఆయనే, ఇందులో ఏది ఆయనకి ఇష్టమో నాకెలా తెలుస్తుంది అని బాన కలుపుతూ అనుకునేది. ఇంట్లో ఎవరి కోపం పొంగబోయినా ఇంత మెత్తని మాట వేసి మూత పెట్టడం ఒక్కటే ఆమెకి తెలిసిన విద్య.

గోదాములో మళ్ళీ పేలింది. ఈసారి వరసగా మూడు.

"విన్నావా?" అన్నాడు భర్త. "అవి సీసాలు కాదని చెప్పు వాడికి. వాడి తెలివితేటలు పేలుతున్నాయని చెప్పు. మందు లేకుండా నిలవుంటుందని నిరూపిద్దామనుకున్నాడు. అడిగితే ఒప్పుకోనని తెలుసు. అందుకని వెయ్యకుండా తాడు కట్టేశాడు. నెల తర్వాత, చూశావా వదినా, పాడవలేదు అని ఎగురుదామనుకున్నాడు. తాత మెడ తెగింది. ఇప్పుడెగరమను!"

"నిరూపించాలంటే ఉడుకునీళ్ళలో పెట్టి నిరూపిస్తాను గాని పచ్చి మూతేసి నిరూపిస్తానా?" అన్నాడు చిన్నోడు. "నన్ను గేటు బయటికి గెంటడానికి ఇది ఆయన వేసిన ఎత్తని చెప్పు. వాడి మాట వింటే ఇదీ గతి అని ఊరందరికీ చూపించడానికి. తాళం ఆయనది, పెట్టె ఆయనది, మందు ఆయనది. వదినా, తాత మెడ కోసింది ఆయనే!"

ఆ మాట పూర్తయిందో లేదో కొక్కెం లేచింది.

చిన్నోడు పక్కకి తప్పుకున్నాడు గాని పూర్తిగా తప్పుకోలేదు. కొక్కెం కొన మోచేతి పైన కండలో దిగి కిందికి చీరేసింది. అతను అరవలేదు. చేతికందిన ఖాళీ సీసా తీసి అన్న నుదుటి మీద కొట్టాడు. సీసా పగిలింది. ఆయన తూలి, గోడకి తగిలి, కళ్ళలోకి కారిన నెత్తుర్ని మణికట్టుతో తుడుచుకుని మళ్ళీ మీదికొచ్చాడు. ఇద్దరూ కలిసి ఖాళీ క్రేట్ల వరస మీద పడ్డారు. ఆ వరస పెళపెళమంటూ కూలింది. తడి నేల మీద, గాజుపెంకుల మీద ఒకర్నొకరు పట్టుకుని దొర్లుతుంటే, చిన్నోడి చిన్నతనంలో ఒకే దుప్పటి కోసం పెనుగులాడినప్పుడు వచ్చిన చప్పుడే ఇప్పుడూ వాళ్ళ గొంతుల్లోంచి వస్తోంది. అప్పుడు ఆమె కొత్తకోడలు. వాళ్ళని విడదీసి చెరో దుప్పటీ ఇచ్చింది. చిన్నోడికి అప్పుడు పదేళ్ళు.

"ఏమండీ, వదలండి! చచ్చిపోతాడండీ!" గరిటె పారేసి ఆమె మధ్యలోకి దూరింది. ఎవరి మోచెయ్యో తెలియదు, ఆమె పెదవికి తగిలింది. నోట్లో ఉప్పగా అనిపించింది. భర్త చొక్కా వెనకనుంచి పట్టుకుని లాగింది. గుండీలు ఊడొచ్చాయి గాని మనిషి రాలేదు.

ఆయన తమ్ముణ్ణి జుట్టు పట్టుకుని లేవనెత్తి డ్రమ్ముల దగ్గరికి ఈడ్చాడు. ఇనప స్టాండు మీద నాలుగు నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి. మూడోదాని కొళాయికి పది రోజుల కిందటి పురికొస ఇంకా అలాగే వేలాడుతోంది. డ్రమ్ము ఖాళీ అయ్యాక విప్పి డబ్బాలో వెయ్యాల్సింది ఎవరూ వెయ్యలేదు. ఆ కొళాయికేసి తమ్ముడి మొహం నొక్కిపెట్టాడు.

"చూడమనవే! కళ్ళు తెరిచి చూడమను! ఆ తాడెవడు కట్టాడో చెబితే వదిలేస్తాను. చెప్పకపోతే తాత కంటే ముందు వీడు పోతాడు."

"నేను కట్టలేదు!" ఇత్తడి కొళాయికి నలుగుతూ చిన్నోడు అరిచాడు. "వదినా, నీ మీద ఒట్టు! ఆ రోజు నిమ్మ ఉప్పు కరిగించి పోశాను. మందు కోసం వెళితే పెట్టెకి తాళం. ఆయన మూతలు కొనడానికి పోయాడు. ఆయనొచ్చాక అడగాలా, నేనా అని పోయి పడుకున్నాను. లేచి వచ్చేసరికి తాడుంది. ఆయనే వచ్చి వేసుకున్నాడనుకున్నా."

"అబద్ధం! నేనొచ్చేసరికే తాడుంది. నేను తాళం వెయ్యకముందే వాడు వేసి ఉంటాడనుకున్నా. ఎవరూ కట్టకుండానే తాడు దానంతటదే కట్టుకుందా?"

నిమ్మ ఉప్పు.

పెద్దకోడలి చేతులు భర్త చొక్కా మీదే ఉండిపోయాయి.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె నింపే గదిలోకి బకెట్టు కోసం వచ్చింది. మూడో డ్రమ్ము పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసు ఉంది. అడుగున తెల్లటి మడ్డి, అందులో చెక్క చెంచా. కొళాయికి తాడు లేదు. చిన్నోడు మందు వేసి తాడు కట్టడం మరిచిపోయాడనుకుంది. ఇప్పుడాయన వచ్చి తాడు లేకపోవడం చూస్తే రెండోసారి మందేస్తాడు, లేదా తాడు కట్టని వెధవెవడని మొదలెడతాడు. మళ్ళీ చెంప దెబ్బలు, మళ్ళీ పనివాళ్ళ ముందు రభస. ఎందుకొచ్చిన గొడవ అనుకుంది. గ్లాసు కడిగి బోర్లించింది. మేకుకి వేలాడే ఉండలోంచి ఇంత పురికొస తెంపి కట్టింది. మూడు రోజుల ముందు రెండో డ్రమ్ముకీ అలాగే కట్టింది కూడా, ఆ రోజు ఏమీ కాలేదు. ఆ తర్వాత కూతురు బడి నుంచి వచ్చిందని లోపలికి పోయింది. సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయింది.

ఆ మడ్డిని నాలుక కొసకి తగిలించి ఉంటే చాలు. నిమ్మ ఉప్పు పళ్ళు పులిసేంత పులుపు, మందుకి ఆ పులుపే ఉండదు. ఇరవై ఏళ్ళుగా ఆ రెండు పొడుల మధ్య బతికిన మనిషి. రుచి చూడలేదు. కడిగేసింది.

ఆమె కొళాయి మెడ వైపు చూసింది. చిన్నోడి నెత్తురు అంటిన ఆ పురికొసకి రెండు చెవులూ, రెండు తోకలూ ఉన్నాయి. ఈ ఇంటి మగవాళ్ళు వేసేది పీటముడి. మామగారు నేర్పింది. కత్తి పెడితే తప్ప రాదు. ఇది రోజూ పొద్దున పిల్ల జడకి రిబ్బను కట్టేటప్పుడు ఆమె వేళ్ళు వేసే ముడి. అన్నదమ్ములిద్దరూ పది రోజులుగా ఆ తాడుని చూస్తూనే ఉన్నారు. తాడుందా లేదా అని చూశారే గాని ముడి చూసిన పాపాన పోలేదు.

"ఏమండీ," అంది. గొంతు తనకే వినిపించలేదు.

భర్త కొక్కెం పట్టుకున్న చెయ్యి పైకెత్తాడు. కొన చిన్నోడి మెడ వెనక సరిగ్గా నడుమ ఉంది.

"ఏమండీ! ఆ ముడి నాది!"

గోదాములో పెద్దగా పేలింది. తలుపు పలక ఒకటి విరిగి లోపలికి పడింది. గాజురజను ఆమె చెంప మీద ఇసకలా కొట్టింది. ఆమె కళ్ళు మూయలేదు. అన్నదమ్ములిద్దరి మధ్యా చెయ్యి దూర్చి, పురికొస తోకల్లో ఒకదాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగింది. ముడి జారిపోయింది. తాడు తిన్నగా ఆమె వేళ్ళ మధ్య వేలాడింది.

"మీలో ఎవరి ముడైనా ఇలా వస్తుందా?" అంది. "గ్లాసులో తెల్లగా కనిపిస్తే మందే అనుకున్నాను. మీరు మళ్ళీ కొట్టుకుంటారని నేనే కట్టాను. వాడు కాదు. మీరూ కాదు."

భర్త తమ్ముడి జుట్టు వదిలేయగానే చిన్నోడు నేల మీద కూలబడ్డాడు. భర్త ఆ తాడు వైపు చూశాడు. తర్వాత నవ్వు లాంటిది ఒకటి ఆయన గొంతులోంచి వచ్చింది.

"నువ్వా?" అన్నాడు. "మమ్మల్ని కలుపుదామనా? నాలుగు నెలలు మా ఇద్దరి మాటలూ మోసింది చాలక మా చేతుల పని కూడా నువ్వే చేశావా? వాడి పీక కోసేవాణ్ణి తెలుసా? ఒక్క క్షణం ఆగి ఉంటే నా తమ్ముణ్ణి నా చేత్తో..."

కొక్కెం లేచింది. ఎటు దిగబోతుందో ఆయనకైనా తెలుసో లేదో. ఆమె తల వంచుకుని నిలబడింది. దేవుడా, నాకు తగిలినా సరే, ఇంకెవరికీ తగలనీయకు అనుకుంది.

తగల్లేదు. చిన్నోడు నేల మీంచే చెయ్యి చాచాడు. కొక్కెం కొన అతని అరచేతిలో దిగి వెనక నుంచి బయటికొచ్చింది. అతను ఆ చేత్తోనే గట్టిగా పట్టుకుని అన్న వేళ్ళలోంచి దాన్ని ఊడలాక్కున్నాడు. అరచేతిలోంచి దాన్ని బయటికి లాగినప్పుడు మాత్రం అరిచాడు.

"వదిన మీద చెయ్యి పడితే," అన్నాడు ఆయాసపడుతూ, "ఆ చెయ్యి ఉండదని చెప్పు."

ఎవరికి చెప్పాలో, ఎవరు చెప్పాలో ఆ గదిలో ఎవరికీ తెలియలేదు.

అప్పుడే గేటు మీద లాఠీతో కొడుతున్న చప్పుడు వినబడింది. "తలుపు తియ్యండి! పోలీసు!"

భర్త మెడలో దారానికి రెండు తాళంచెవులుంటాయి, మందుపెట్టెది ఒకటి, గేటుది ఒకటి. ఆయన వాటిని పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చిన్నోడే ముందు కదిలాడు. ఆమె చేతిలోంచి పురికొస లాక్కుని, మోకాళ్ళ మీద జరిగి, మూడో డ్రమ్ము కొళాయి మెడకి చుట్టాడు. చిల్లుపడిన చెయ్యి సహకరించలేదు. ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఇంకో కొస రెండో చేత్తో బిగించి లాగాడు. ఒక మెలిక, దాని మీద ఇంకో మెలిక. పీటముడి.

"ఏం చేస్తున్నావురా?" అంది ఆమె.

"తాత బతికితే మంచిదే వదినా. బతక్కపోతే ఎవరో ఒకరు జైలుకి వెళ్ళాలి కదా. నాకెవరున్నారు?"

"నేను చేసింది నేనే చెప్పుకుంటాను. నిజం దాస్తే దేవుడు ఊరుకుంటాడా?"

"దేవుడు తర్వాత చూసుకుంటాడు. రేపు పొద్దున్న పిల్లకి జడెవరు వేస్తారు? ఈయనా?" అన్నాడు. అంత నొప్పిలోనూ పెదవి మూల నవ్వొచ్చింది. "ఈయన వేస్తే పీటముడే. పెళ్ళయ్యేదాకా విప్పలేరు."

గేటు మళ్ళీ దడదడలాడింది. భర్త తడబడుతూ వెళ్ళి తాళం తీశాడు.

ఇన్‌స్పెక్టరు వయసు మళ్ళిన మనిషి. బూట్ల కింద గాజు కరకరలాడుతుంటే ఆగి ఆగి నడుస్తూ వచ్చాడు. కూలిన క్రేట్లు చూశాడు, ముగ్గురి మొహాలూ చూశాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మీ మూతల ముసలాయన పోయాడు," అన్నాడు. "ఆసుపత్రి మెట్లెక్కించేలోపే."

పెద్దకోడలు గోడకి ఆనుకుంది. ప్రతి సాయంత్రం పిల్ల కోసం తాత ఒక సొట్టపోయిన మూత జేబులో వేసుకుని వచ్చేవాడు. దాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి ఈల వేయడం నేర్పాడు. నిన్నటి మూత ఇంట్లో కిటికీ గట్టు మీద ఇంకా అలాగే ఉంది.

"ఇక్కడ యుద్ధమేమైనా జరిగిందా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"సీసాలు పేలాయి సార్," అన్నాడు చిన్నోడు.

"సీసా పేలితే అరచేతికి కొక్కెం చిల్లు పడుతుందా?" ఇన్‌స్పెక్టరు జవాబు కోసం ఆగలేదు. "బయట మీ పనివాళ్ళు తాడు సంగతి చెప్పారు. కట్టినవాడే మందు వేసినట్టట. వెయ్యకుండా కట్టినవాడు ఒక మనిషిని చంపినట్టు. ఏది ఆ తాడు?"

చిన్నోడు చూపించాడు. "నేనే కట్టాను సార్. మందు వెయ్యడం మరిచిపోయాను."

"కాదు," అంది పెద్దకోడలు. గోడ వదిలి ముందుకొచ్చింది. "నేను కట్టాను. వాడికేమీ తెలియదు."

ఇన్‌స్పెక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మేకుకి ఉన్న ఉండలోంచి ఒక ముక్క పురికొస తెంపి ఆమె చేతికిచ్చాడు. "ఆ నాలుగో డ్రమ్ముకి కట్టమ్మా. ఆ రోజెలా కట్టావో అలాగే."

ఆమెకి అబద్ధపు ముడి వేయడం రాదు. వేళ్ళు వాటి పని అవి చేశాయి. రెండు చెవులు, రెండు తోకలు.

ఆయన వంగి నాలుగో డ్రమ్ము చూశాడు, మూడో డ్రమ్ము చూశాడు.

"రెండూ ఒకటి కాదే. నీ ముడి ఆ కొళాయికి లేదమ్మా."

"ఉండేది. ఇందాకే విప్పాను. వాడు మళ్ళీ కట్టాడు, నన్ను తప్పించడానికి."

"మరిదిని తప్పించడానికి ఈవిడ కల్పిస్తోంది సార్," అన్నాడు చిన్నోడు వెంటనే. "చిన్నప్పట్నించీ పెంచింది. నా కోసం ఏమైనా చెబుతుంది."

ఇన్‌స్పెక్టరు పీటముడిని వేలితో తాకాడు. వేలు ఎర్రగా వచ్చింది. "పది రోజుల కిందటి ముడి మీద పచ్చి నెత్తురెందుకుంది?"

"ఇందాక నా మొహం దానికేసి రుద్దారు సార్. కావాలంటే ముక్కు చూడండి."

అది నిజమే. ముక్కు పక్కకి ఒరిగిపోయి ఉంది. ఇన్‌స్పెక్టరు వేలిని గోడకి తుడిచాడు. ఒక నిజం ఇంకో నిజాన్ని ఇంత గట్టిగా కప్పేయగలదని పెద్దకోడలికి ఆ రోజే తెలిసింది. ఇప్పుడు ఆమె మాటకి సాక్షి ఈ లోకంలో ఒక్కడే. ఆ మనిషి గుమ్మం దగ్గర, మెడలో దారం పిడికిట్లో బిగించి నిలబడి ఉన్నాడు.

"మా ఆయన్ని అడగండి," అంది. "నేను విప్పడం ఆయన కళ్ళారా చూశారు."

ఇన్‌స్పెక్టరు అటు తిరిగాడు. "చెప్పండి, పెద్దాయనా. మీరు అవునంటే ఈవిణ్ణి తీసుకెళతాను. కాదంటే అతన్ని. చూసి చెప్పండి, మళ్ళీ మార్చడానికి ఉండదు."

గోదాములో ఏమీ పేలలేదు. పేలాల్సినవన్నీ పేలిపోయాయో, ఇంకా లోపల పొంగుతున్నాయో తెలియదు. భర్త నుదుటి మీంచి నెత్తురు కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. భార్య చెంప మీద మెరుస్తున్న గాజురజను వైపు చూశాడు. అరచేతిని చంకలో నొక్కుకుని నేల మీద కూర్చున్న మనిషి వైపు చూశాడు. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ వినని పిలుపు బయటికొచ్చింది.

"తమ్ముడూ," అన్నాడు. "లేచి నిలబడు."

చిన్నోడు తల ఎత్తాడు. ఆ పిలుపు అతన్ని కాపాడటానికో, అప్పగించటానికో పెద్దకోడలికి అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టరు మాత్రం నడుము దగ్గరి బేడీలు తీసి చేతిలో పట్టుకున్నాడు.